చెయ్యి తగలని రాయి

మా చెల్లెలి మొగుడు ప్రొకోపి మొహం మీకు తెలియకపోవచ్చు. వెనక భాగం మాత్రం తెలిసే ఉంటుంది. ఫిబ్రవరిలో మా ఓల్ఖోన్ దీవికి వచ్చి గడ్డకట్టిన బైకాల్ ఐసు మీద అడుగుపెట్టిన ప్రతివాడికీ ముందు కనబడేది అదే. బోర్లా పడుకుని, కెమెరాకి కన్ను అంటించి, నడుం పైకెత్తి, ఐసులో ఇరుక్కున్న గాలిబుడగని ఫోటో తీస్తుంటాడు. పక్కనించి బండి పోయినా లేవడు. కుక్క వచ్చి కాలెత్తినా లేవడు. ఒకసారి అదీ జరిగింది. బుడగ బాగా వచ్చిందన్నాడు.

పుట్టడం చేపలు పట్టేవాళ్ళ ఇంట్లోనే పుట్టాడు. వాళ్ళ నాన్న వల వేస్తే సముద్రం సగం బరువు తగ్గేదని ఊళ్ళో చెప్పుకునేవారు. బైకాల్‌ని మేం సముద్రమనే అంటాం, సరస్సంటే దానికి కోపం వస్తుంది. కొడుక్కి ఆ చెయ్యి రాలేదు. వల ముట్టుకుంటే చిక్కుపడేది. పడవ ఇంజను విప్పితే మళ్ళీ బిగించేసరికి మరలు మిగిలిపోయేవి.

"ఎక్కువ పెట్టారు వదినా, ఆ ఫ్యాక్టరీ వాళ్ళకి తెలివి లేదు" అనేవాడు.

తప్పు తనదని ఒప్పుకున్న పాపాన పోలేదు ఎన్నడూ. దీపం ఆరితే గాలి తప్పు, రొట్టె మాడితే పొయ్యి తప్పు, గొర్రె తప్పిపోతే గొర్రె తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నవాడి కథ మనం నవ్వుకోడానికి చెప్పుకుంటాం, మా చెల్లెలు దాంతో కాపురం చేసింది. కరెంటు స్తంభాల పనిలో చేరాడు, బడిలో పొయ్యి రాజేసే పనిలో చేరాడు, ఆఖరికి ఓ పాత రొట్టె బండి తోలే పనిలో పడ్డాడు. రొట్టె బండి అంటే రొట్టెలమ్మే బండి కాదు లెండి. ముక్కూ మూతీ లేకుండా రొట్టెముద్దలా ఉంటుందని ఆ వ్యానుని అందరూ అలాగే పిలుస్తారు. సందర్శకుల్ని ఎక్కించుకుని ఐసు మీద తిప్పడం పని. అందులోనైనా కుదురుగా ఉన్నాడా అంటే, ఉండనిస్తేగా వాడి రాత.

ఓ చలికాలం మాస్కో నించి వచ్చిన ముసలాయనొకడు బండిలోనే జబ్బుపడ్డాడు. ప్రొకోపి అతన్ని తిన్నగా ఆసుపత్రికి చేర్చాడు. బతికి బట్టకట్టిన ఆ మహానుభావుడు సంతోషం పట్టలేక మెడలోని కెమెరా తీసి ఇతని మెడలో వేశాడు. టోపీ ఇచ్చి పోయుంటే ఎంత బాగుండేది!

ఆ రోజు నించీ మా ఇళ్ళలో సామాను నిలవలేదు. ఐసు మీది మంచు తుడవడానికి నా చీపురు పోయింది. ఐసు అద్దంలా మెరవాలని వేడినీళ్ళు పొయ్యడానికి నా కెటిల్ పోయింది.

"సముద్రానికి తలంట్లు పోస్తున్నావా నాయనా?" అని అడిగాను.

"లోపలి బుడగలు బాగా కనబడతాయి వదినా. దొంతర్లు దొంతర్లుగా ఉంటాయి, ముత్యాల్లా."

"నా సూపులో కూడా లేచాయి బుడగలు. రా, తీసుకో ఫోటో."

నిజంగానే వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. ఇలాంటివాడితో ఏం మాట్లాడతాం?

బుడగలయ్యాక పగుళ్ళ మీద పడ్డాడు. తర్వాత అలలు కొట్టి కొట్టి రాళ్ళ మీద గడ్డకట్టిన ఐసు కుచ్చిళ్ళ మీద పడ్డాడు. ఓసారి మా సెసెగ్‌కి, అదే మా చెల్లెలికి, పల్చటి వేసవి గౌను తొడిగించి ప్రాణం పోయే చలిలో ఐసు గుహ ముందు నిలబెట్టాడు. అది వారం పాటు దగ్గింది. ఫోటోలో దాని తల లేదు. గుహలో వేలాడే ఊడలు మాత్రం భేషుగ్గా వచ్చాయని ఊరంతా చూపించాడు. సెసెగ్ కూడా చూపించింది! "చూడక్కా, ఆ కాళ్ళు నావే" అని మురిసిపోయింది. దానికి మొగుడంటే అంత పిచ్చి. ప్రేమకి కళ్ళుండవంటారు, దానికి ఊపిరితిత్తులు కూడా లేవని నాకప్పుడే తెలిసింది.

మా దగ్గరున్న ఐసు వింతలన్నిటిలోకీ అరుదైనది నిలబడ్డ రాయి. ఒడ్డు నించి ఓ పలక రాయిని గాలి ఐసు మీదికి ఈడ్చుకొస్తుంది. ఎండా గాలీ కలిసి చుట్టూ ఉన్న ఐసుని రోజూ కాస్త కాస్త నాకేస్తాయి. రాయి నీడన ఉన్నది మిగిలిపోతుంది. అలా అలా చివరికి సన్నటి ఐసు కాలొక్కటి నిలుస్తుంది, దాని మీద రాయి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఏ కొన్నేళ్ళకో ఎవరికో కనబడుతుంది. అలాంటి రాయి కనబడితే చేత్తో ముట్టకూడదు. చూసి, ఉంగరం వేలితో కాసిని పాలు చిలకరించి, వెనక్కి తిరిగి రావాలి. మా బుర్యాత్ జాతి పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. ఫోటో తియ్యొచ్చా అంటే, పెద్దల కాలంలో కెమెరాలు లేవు గనక వాళ్ళేం చెప్పలేదు. ప్రొకోపి అదృష్టం.

పోయిన చలికాలం అతను నిలబడ్డ రాయిని ఫోటో తీశానన్నాడు. తలుపంత పెద్దది చేయించి ఊరి క్లబ్బు గోడకి వేలాడదీశాడు. సెసెగ్ రెండు రోజులు కూర్చుని మాంసం కుడుములు చుట్టింది, ఊరందర్నీ పిలిచింది. పళ్ళెం చేత్తో పట్టుకుని ఫోటో ముందు నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్పింది: "మా ఆయన చెయ్యి తగలని రాయి ఇది. పాలు చిలకరించి మరీ తీశాడు." చెప్పినప్పుడల్లా దాని గొంతు కాస్త పైకి లేచేది.

అంతలో ఒల్జోన్ తాత వచ్చాడు. కళ్ళు సరిగా ఆనవు గనక ముక్కు ఫోటోకి ఆనించి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఒరేయ్ ప్రొకోపీ, ఈ కాలికి పైన ఐదు బొడిపెలేంట్రా?"

"గాలి అలా చెక్కింది తాతా. ప్రకృతి వింత."

"మా మనవడు తాగే సోడా సీసా అడుగునా ఇవే ఐదు బొడిపెలుంటాయి. గాలి ఇప్పుడు సీసాలు కూడా ఊదుతోందా?"

ఇంకేముంది! ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి గడ్డకట్టించి, సీసా కోసేసి, తలకిందులుగా ఐసుకి అతికించి, బొడిపెల మీద రాయి పెట్టాడు మా కళాకారుడు. క్లబ్బు కప్పు ఎగిరిపోయేలా నవ్వారు జనం. బండి తోలే అర్సాలాన్ అక్కడికక్కడే 'సోడా ప్రొకోపి' అని పేరు పెట్టాడు. అది ఇప్పటికీ ఊడలేదు. ఆ నవ్వుల్లోనే పక్కింటావిడ అనేసింది: "ఆ సీసా మా ఇంటిదే కదే సెసెగ్? కిరోసిన్‌కని నువ్వే వచ్చి పట్టుకుపోయావుగా?"

సెసెగ్‌కి నిజంగా తెలియదు. మొగుడు కిరోసిన్‌కని అడిగాడు, తెచ్చి కడిగి ఇచ్చింది. కానీ ఎవరు నమ్ముతారు? అందరూ దాని వంక చూశారు. అది పళ్ళెం బల్ల మీద పెట్టేసి, కోటు వేసుకుని, తిన్నగా మా ఇంటికి వచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక అది అబద్ధం ఆడి నేను చూడలేదు. పదిమందిలో దాన్ని అబద్ధాలకోరుని చేశాడా సన్నాసి. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇంకా దిగలేదు, దిగుతుందని కూడా లేదు.

మర్నాడు గుమ్మం ముందుకొచ్చి ఏమన్నాడో తెలుసా?

"ఈ మధ్య సీసాలు నున్నగా చెయ్యట్లేదు వదినా."

చీపురు తిరగేశాను. అప్పుడు లోపలినించి సెసెగ్ బయటికి వచ్చి అతనితో ఒక్క మాట చెప్పింది: "నలుగురిలో నా నోటితో ఓ మాట అన్నాను. అది నువ్వు నిజం చెయ్యి. అప్పుడు వస్తా." తలుపు వేసుకుంది.

వసంతం పోయింది, ఎండాకాలం పోయింది. అది మా ఇంట్లో వండింది, మా ఇంట బసకి దిగే సందర్శకులకి పక్కలు వేసింది, నవ్వడం మానేసింది. ఇంటికి పో అని నేను అనలేదు. పోవద్దనీ అనలేదు. రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని అది మొగుడి గుడ్డలకి అతుకులు వేసేది, ఎవరూ అడక్కుండానే. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఓ పొద్దున నేను చేపల్ని పొగలో వేలాడదీస్తుంటే వాకిట్లో రొట్టె బండి ఆగింది.

"వదినా, సెసెగ్‌ని పిలు."

"సీసాలు లేవు మా ఇంట్లో."

"రాయి దొరికింది వదినా."

"దీవి నిండా రాళ్ళే. ఎన్ని కావాలంటే అన్ని ఎత్తుకుపో."

"నిలబడ్డ రాయి. నిజంది. బొటనవేలంత కాలు మీద నిలబడింది. మా అమ్మతోడు, ముట్టుకోలేదు."

సెసెగ్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అతని వంక చూడలేదు. నాతో అంది: "ఫోటో తీశాడేమో అడుగక్కా."

ఎదురుగా నిలబడ్డ తన మొగుణ్ణి నేనడగాలి! "తీశావా నాయనా?"

"లేదు. నేను తీసి తెస్తే ఎవడు నమ్ముతాడు? ముందు తను కళ్ళారా చూడాలి. ఆ తర్వాతే తీస్తా."

జన్మలో మొదటిసారి బుద్ధిగా మాట్లాడాడు. నాకు అనుమానమొచ్చి మొహంలోకి చూశాను. మొహం నిజమే చెబుతోంది.

"ఇవాళ ఇంటినిండా మనుషులున్నారు, వండాలి. రేపు వస్తానని చెప్పక్కా" అంది సెసెగ్. చెప్పి లోపలికి పోయి, వెతికి వెతికి పాలు పోసుకెళ్ళే చిన్న బుడ్డి తీసి కడగడం మొదలెట్టింది. ఆ రాయి గనక నిజమైతే ఇది ఇల్లు చేరుతుంది, కాకపోతే జన్మంతా నా పొయ్యి దగ్గరే అతుకులు వేసుకుంటూ ఉంటుంది. అది నాకు ఆ బుడ్డి కడగడంలోనే తెలిసిపోయింది.

ఇక ఆ మహానుభావుడు చెయ్యవలసిందల్లా ఒక్కటే. ఏమీ చెయ్యకుండా ఓ రాత్రి గడపడం. వల్లవుతుందా?

సాయంత్రం రేడియోలో చెప్పారు, అవతలి కొండల మీదనించి సర్మా గాలి దిగుతోందని. ఆ రాత్రి మా కిటికీలు పళ్ళు కొరికాయి. పొద్దునకి జోరు తగ్గింది. వంటలు ముగించుకుని మధ్యాహ్నం బండెక్కాం. నేనూ ఎక్కాను. సాక్షిగా అని చెప్పాను గానీ, ఏదో ఒకటి చేసి ఉంటాడని నా మనసు చెబుతూనే ఉంది. ఐసు తుడవాలంటూ మళ్ళీ నా చీపురే బండిలో పడేశాడు. పెద్ద పగులు దాటేటప్పుడు, ఐసు విరిగితే దూకడానికి, అందరం తలుపులు ఓరగా తెరిచి చేత్తో పట్టుకున్నాం. ఎవరి తలుపు వాళ్ళది. సెసెగ్ వెనక నా పక్కన కూర్చుంది.

చోటు దూరం నించే తెలిసింది. సముద్రం మీద నీలం టార్పాలిన్ పట్టా ఒకటి, రెండు కర్రల మధ్య బిగించి ఉంది.

"అదేంటి?" అన్నాను.

"గాలి చాటు వదినా!" అన్నాడు గర్వంగా. "రాత్రి సర్మాకి రాయి పడిపోతుందని కట్టాను. మా నాన్న చేపలు పట్టేటప్పుడు ఇలాగే కట్టేవాడు. ఎంత గట్టిగా కట్టానో చూడు, అంగుళం కదల్లేదు."

కదల్లేదు. నిజమే. చుట్టూ కోసుల దూరం ఐసు మీద మంచు రవ్వ లేదు, గాలి ఊడ్చి పారేసింది. చాటు వెనక మాత్రం నడుమెత్తు మంచు గుట్ట. గాలికి కొట్టుకొచ్చిన మంచు చాటు దొరికిన చోట చేరుతుందని మా ఊరి కుక్కలకి కూడా తెలుసు. వాళ్ళ నాన్న చాటు కట్టుకుని పక్కన పార పెట్టుకునేవాడు, పేరుకున్నది పేరుకున్నట్టు ఎత్తిపోసేవాడు. కొడుక్కి చాటు గుర్తుంది, పార గుర్తులేదు. ఇన్ని వారాలుగా ఏ గాలి ఆ రాయిని నిలబెట్టిందో, ఆ గాలికే అడ్డం కట్టాడు తెలివితేటలు పొంగి.

సెసెగ్ ఏడాది తర్వాత మొదటిసారి అతనితో తిన్నగా మాట్లాడింది.

"రాయేదయ్యా?"

అతను గుట్ట వైపు చెయ్యి చూపించాడు. చూపించిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అప్పుడర్థమైంది వాడికి.

పట్టా పీకి పారేశాడు. చేతితొడుగులు విసిరేసి మోకాళ్ళ మీద కూలబడి వట్టి వేళ్ళతో తవ్వాడు. రాయి దగ్గరపడ్డాక దానికి వేలు తగలకుండా చుట్టూ గీకి గీకి తీశాడు. బయటపడింది. అరచేతంత పలక, కింద సన్నటి కాలు. ఇన్నాళ్ళూ నేను వెక్కిరించాను గానీ, చూడగానే నా నోరు మూతపడింది. అంత బాగుంది. కానీ మంచు బరువుకి ఆ కాలు సగానికి చిట్లింది. రాయి పక్కకి ఒరిగి ఉంది. ఓ పక్క గట్టిపడ్డ మంచు పెళ్ళ ఆసరాతో ఆగింది, అంతే. పట్టా తీసేశాడు గనక గాలి ఆ పెళ్ళని రవ్వరవ్వగా ఊడ్చుకుపోతోంది.

అప్పుడే దూరంగా ఇంకో బండి కనబడింది. అర్సాలాన్‌ది. నీలం జెండా ఎగరేసి పిలిస్తే రాడా మరి?

ఆ చలిలో గుప్పెడు మంచు తడిపి చిట్లిన చోట పెడితే రెప్పపాటులో రాయిలా గట్టిపడుతుంది. ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసది. బండిలో నా ఫ్లాస్కు నిండా వేడినీళ్ళున్నాయి. ప్రొకోపి ఫ్లాస్కు వంక చూశాడు. అతను చూడడం సెసెగ్ చూసింది. పాలబుడ్డి పట్టుకుని నిలబడింది, ఆ రోజు పళ్ళెం పట్టుకుని నిలబడ్డట్టే.

నాకే ఆగలేదు. ఏం చెయ్యను, అది నా చెల్లెలు. ఫ్లాస్కు మూత తిప్పి అతని ముందు పెట్టాను. "కానీ, తొందరగా. వాడొచ్చేస్తున్నాడు."

అతను చేతులు రెండూ చంకల్లో దూర్చుకున్నాడు. "వద్దు వదినా" అన్నాడు.

చేతులు ఊరుకోని మనిషి. ఇంజను కనబడితే విప్పాలి, పొయ్యి కనబడితే పొడవాలి. అలాంటివాడు చేతులు చంకల్లో బిగించుకుని, కళ్ళ నీళ్ళు రెప్పల మీదే గడ్డకడుతుంటే, చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళ అరిగిపోయింది. రాయి ఇంకాస్త వంగింది. మెడలో కెమెరా ఉందన్న మాటే మర్చిపోయాడు. టక్కుమని చిన్న చప్పుడైంది. రాయి ఐసు మీద పడి, కాస్త దూరం జారి, ఆగింది.

అర్సాలాన్ బండి దిగాడు. వెనకే చైనా వాళ్ళు దిగారు, ఒక్కొక్కరి మెడలో ఒక్కో కెమెరా.

"సోడా అన్నా! నిలబడ్డ రాయి దొరికిందటగా? ఏదీ?"

"ఉండింది. పడిపోయింది."

"అయ్యో! రాత్రి గాలికా?"

వాడు వెటకారానికే అన్నాడో, జాలిపడే అన్నాడో గానీ, బంగారంలాంటి సాకు అందించాడు. గాలి తప్పు! పుట్టినప్పటినించీ మా వాడు నమిలి మింగుతున్న మాటే. ఇప్పుడూ అదే అంటాడని నేను మొహం తిప్పుకున్నాను.

"గాలి కాదు" అన్నాడు ప్రొకోపి. "గాలే దాన్ని నిలబెట్టింది. చాటు కట్టి చెడగొట్టింది నేను."

"ఏంటీ?"

"నేనే చెడగొట్టానంటున్నా."

అర్సాలాన్‌కి విషయం అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని ఐసు మీద కూర్చుని నవ్వాడు. "రాయికి గాలి చాటా! అన్నా, దుప్పటి కూడా కప్పలేకపోయావా?" చైనా వాళ్ళకి ఏం చెప్పాడో, వాళ్ళూ నవ్వి, పనిలో పనిగా నీలం పట్టాని ఫోటోలు తీసుకున్నారు. ప్రొకోపి తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నవ్వంతా అయ్యేదాకా నిలబడ్డాడు.

సెసెగ్ ముందుకి వెళ్ళింది. బుడ్డి మూత తీసి, ఉంగరం వేలు ముంచి, పడిపోయిన రాయి మీద పాలు చిలకరించింది. తర్వాత అర్సాలాన్ వైపు తిరిగి, క్లబ్బులో ఏ గొంతుతో అన్నదో అదే గొంతుతో అంది:

"మా ఆయన చెయ్యి తగలని రాయి ఇది."

అర్సాలాన్ నవ్వు ఆపి రాయి వంక చూశాడు, చంకల్లో ఉన్న చేతుల వంక చూశాడు. టోపీ సర్దుకుని, "పదండి, పదండి, గుహలు చూపిస్తా" అని తన జనాన్ని తోలుకుపోయాడు.

తిరుగు ప్రయాణంలో సెసెగ్ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక, స్పేర్ టైరు పక్కన, పార పక్కన. అవును, బండిలో పార ఉంది! మొదటినించీ ఉంది! చెబితే కొడతానేమోనని చెప్పలేదు కాబోలు. పగులు దగ్గర తలుపులు ఓరగా తెరిచాం. అతని వేళ్ళు కొంకర్లుపోయి స్టీరింగే సరిగా పట్టడం లేదు. దాటాక సెసెగ్ అతని మీదుగా చెయ్యి చాచి, అతని పక్క తలుపు తనే లాగి మూసింది.

మా ఇంటి ముందు బండి ఆగింది. నేను దిగాను. అది దిగలేదు.

"అక్కా, పొయ్యి మీద చారుంది, మాడిపోతుందేమో చూడు" అంది.

బండి వాళ్ళ వీధిలోకి తిరిగిపోయాక చూసుకున్నాను. నా చీపురు అందులోనే పోయింది.